పున్నమి లెక్క చూసి కదలాల్సిన తీరం

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు యూరప్‌లో చదువుతూనో, ఉద్యోగాలు చేస్తూనో ఉన్న ఇళ్లు అనంతపురంలో ఇప్పుడు తక్కువేం కాదు. అక్కడికి వెళ్లి, పడకలున్న వ్యాన్ అద్దెకు తీసుకుని, ఫ్రాన్స్ పడమటి తీరం వెంట నిదానంగా తిరగాలనుకునేవారికి మీ పర్యాటక పేజీ రూట్లిచ్చింది, ఫొటోలిచ్చింది. ఆటుపోట్ల సంగతి ఒక్క ముక్క రాయలేదు. సముద్రం ఎరగని సీమవాళ్లకు మొదట చెప్పాల్సింది అదే.

ఆంధ్ర తీరంలో నీరు ఎక్కే పోటుకూ దిగే ఆటుకూ నీటిమట్టం తేడా రెండు మీటర్ల లోపే. ఫ్రాన్స్ వాయవ్య ప్రాంతం బ్రిటనీలోని సాన్‌మాలో ఊరి దగ్గర పెద్ద పోటు రోజుల్లో అది 12 మీటర్లు దాటుతుంది, అంటే నాలుగంతస్తుల మేడంత. ఆటు వేళ ఇసుక మీద దూరంగా నడిచిపోయినవాళ్లకు ప్రమాదం ఎదురుగా రాదు. వెనకనున్న పల్లపు కాలువలు ముందు నిండి తిరుగుదారి మూసుకుపోతుంది. పోటు బలాన్ని అక్కడ 20 నుంచి 120 దాకా ఒక అంకెతో చెబుతారు. 70 మధ్యస్థం, 100 దాటితే పెద్ద పోటు. మన క్యాలెండరూ పనికొస్తుంది: పున్నమి, అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులకు ఆ అంకె పైకెక్కుతుంది, అష్టమి దాటాక పడిపోతుంది. ఒక మెలిక ఉంది. వేసవిలో అక్కడ గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు. ఆటుపోట్ల వేళల పట్టికలు కొన్ని ఈ వేసవి సమయం కలపకుండా అచ్చవుతాయి, అప్పుడు వాటికి ఒక గంట కలుపుకోవాలి. కలపకపోతే వేళలన్నీ తప్పుతాయి.

న్వార్‌ముత్యే ద్వీపానికి వెళ్లే ‘గ్వా’ దారిలో ఈ తప్పు అసలు పనికిరాదు. నాలుగు కిలోమీటర్లకు పైనున్న ఆ రోడ్డు రోజుకు రెండుసార్లు మునుగుతుంది. ఆటు పూర్తిగా దిగే వేళకు గంటన్నర ముందు నుంచి గంటన్నర తర్వాత వరకే దాటాలి, గాలి గట్టిగా ఉంటే ఆ వ్యవధీ తగ్గుతుంది. చిక్కుకున్నవాళ్లు ఎక్కి కూర్చోవడానికి దారి పొడవునా స్తంభాలు నాటారంటేనే అర్థం చేసుకోవచ్చు. అనుమానముంటే 1971లో కట్టిన వంతెన ఉంది, టోల్ లేదు.

గండికోటలో లోయ అంచున గుడారం వేసినట్టు అక్కడ సముద్రపు ఒడ్డున వేస్తే కుదరదు, చట్టం ఒప్పుకోదు. బీచ్ పార్కింగుల్లో చాలాచోట్ల సుమారు 2 మీటర్ల ఎత్తున కమ్మీ అడ్డంగా ఉంటుంది, వ్యాన్ దూరదు. మునిసిపాలిటీలు నడిపే క్యాంపులు చవక. అయితే మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా వాటి ఆఫీసులు చాలావరకు మూసే ఉంటాయి.

అక్కడ కరెంటు తరచూ 6 ఆంపియర్లే ఇస్తారు. 230 వోల్టుల లెక్కన 1,380 వాట్లు. 2,000 వాట్ల కెటిల్ పెడితే బ్రేకర్ పడిపోతుంది. 700 వాట్ల రైస్ కుక్కర్ నడుస్తుంది, 750 వాట్ల మిక్సీ నడుస్తుంది, రెండూ కలిపి వేస్తే నడవవు. బ్రేకర్ పెట్టెకు తాళం ఉంటే ఆఫీసు తెరిచేదాకా చీకట్లోనే. గ్యాస్ డబ్బాలు విమానంలో ఎక్కనివ్వరు, అక్కడే కొనాలి. అక్కడ ఎక్కువగా దొరికే నీలం డబ్బాలకు మరలతో బిగించే మన స్టవ్ సరిపోదు, కాబట్టి స్టవ్ కూడా అక్కడే కొనడం మేలు. తక్కువ మంటతో అయిపోయే ఉగ్గాని ఈ ప్రయాణానికి సరైన వంట, బొరుగులు బరువూ ఉండవు.

ఇక్కడి ఆర్టీవో కార్యాలయంలో ఫారం 4ఎతో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని బయల్దేరాలి, అది ఏడాది చెల్లుతుంది. బండి కుడివైపు నడపాలి. గుర్తులేమీ లేని కూడలిలో కుడిచేతి సందులోంచి వచ్చే బండికే ముందు దారి, అది ఎంత చిన్న సందైనా సరే. మనవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలి వెళ్లండి. పాల పదార్థాలను, మాంసాన్ని యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకుకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. వేరుశనగ పొడికి అభ్యంతరం లేదు.

— ఒక పాఠకుడు, అనంతపురం