ఈగకు ఒక్క ఫొటో చాలదు

సంపాదకుల వారికి,

వానలు తగ్గాక ఆదివారం పొద్దున్నే కెమెరాలు తగిలించుకుని మూలపాడు, కొండపల్లి అడవి బాట పట్టేవాళ్లు పెరుగుతారు. సీతాకోకచిలుకల కోసం వెళ్తారు, సంతోషం. ఎండుపుల్ల కొసన కూర్చున్న ఈగను మాత్రం ‘ఛీ, ఈగ’ అని తోలేస్తారు. అది రాబర్ ఫ్లై కావచ్చు. తేనెటీగలాంటిదాన్ని గాల్లోనే పట్టి, సూదిమూతితో లాలాజలం ఎక్కించి, లోపలి కండ కరిగాక పీల్చుకునే వేటగత్తె అది.

ఎగిరిపోయిందని వెంటపడకండి. చాలాసార్లు మళ్లీ అదే పుల్లకో, పక్క పుల్లకో వచ్చి వాలుతుంది. వేట నోట ఉన్నప్పుడు ఎక్కువసేపు కదలదు, అదే మంచి అదను. మీ నీడ దాని మీద పడనీయకుండా, మోచేతులు ఆనించుకుని, దూరం నుంచి ఒక ఫొటో తీశాకే దగ్గరికి జరగండి.

చిన్నవాటిని దగ్గరి నుంచి తీసే 90 నుంచి 105 ఎంఎం మాక్రో లెన్స్, లెన్స్ రంధ్రం (అపర్చర్) ఎఫ్/8 నుంచి ఎఫ్/11, ఫ్లాష్‌తో షట్టర్ వేగం 1/200 సెకను సరిపోతాయి. అంతా స్పష్టంగా రావాలని రంధ్రం ఇంకా చిన్నది చేసి ఎఫ్/22కి వెళ్తే బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. బాగా దగ్గరికి వెళ్తే ఎఫ్/11లోనూ ఫోకస్‌లో ఉండేది ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమే. అందుకే పక్క నుంచి తీసేటప్పుడు కెమెరా వెనక భాగం ఈగ ఒంటికి సమాంతరంగా ఉండాలి. ఫ్లాష్ నేరుగా కొడితే కళ్ల మీద తెల్లమచ్చ పడి రంగు పోతుంది. ట్రేసింగ్ పేపర్ రెండు పొరలు అడ్డుపెట్టండి. ఫ్లాష్‌కు అంటించేస్తే ప్రయోజనం లేదు, కాస్త ఎడం ఉంటేనే వెలుగు పరుచుకుంటుంది.

అసలు ఇబ్బంది వేరే ఉంది. చాలామంది పైనుంచి ఒక్కటి తీసి వచ్చేస్తారు. దాంతో జాతి తేలదు. ముఖం, పక్క భాగం, రెక్కల ఈనెలు మూడూ కావాలి. రాబర్ ఫ్లైకి రెండు కళ్ల నడుమ నడినెత్తిన గుంట, మూతి పైన మీసంలా బిరుసు వెంట్రుకలు ఉంటాయి. అవి ఎదుటి నుంచే కనపడతాయి. టాకినిడ్ ఈగ పైనుంచి ఇంట్లో ఈగలాగే ఉంటుంది. పక్క నుంచి చూస్తే పొట్ట మీద ముళ్లలాంటి వెంట్రుకలు, వీపు చివరి చిన్న డాలు కింద ఉబ్బెత్తు దిండు కనిపిస్తాయి.

మన గుంటూరు మిర్చి, పత్తి రైతులకు ఈ టాకినిడ్ ఈగ కావలసిన చుట్టం. దాని పిల్లపురుగులు శనగపచ్చ పురుగు, లద్దెపురుగు లోపలే పెరిగి వాటిని చంపుతాయి. గొంగళిపురుగు తల వెనక తెల్లని చిన్న గుడ్లు అతికి ఉంటే దులపకండి, ఫొటో తీయండి, ఏ మొక్క మీదో రాసుకోండి. పూల మీద వాలే సిర్ఫిడ్ ఈగ పిల్లపురుగు పేనుబంకను తింటుంది. పువ్వు మీది ఈగతో పాటు ఆకు అడుగున దాన్నీ వెతకండి.

ఇసుక నేలకు తోక ఆనించి ఆడిస్తున్న బొచ్చు ఈగ కనిపిస్తే అక్కడే ఆగిపోండి. అది బీ ఫ్లై, గుడ్లకు పూయడానికి ఇసుక నింపుకుంటోంది. ఒంటరి తేనెటీగల బొరియల మీదికి ఆ గుడ్లను విసురుతుంది. బొరియలు తొక్కితే ఇద్దరి సంసారమూ పోతుంది.

కదలకుండా ఉండాలని ఈగను ఫ్రిజ్‌లో పెట్టడం, జిగురుతో అతికించడం దయచేసి మానండి. అటవీశాఖ వారు మూలపాడు బాట మొదట్లో ఈ నాలుగు ఈగల బొమ్మలతో ఒక తెలుగు బోర్డు పెట్టించాలని కోరుతున్నాం.

— కొందరు కీటక ఛాయాగ్రాహకులు, విజయవాడ