విజిల్ ఊదని ఆవిడకు

కాళ్లు లాగుతున్నాయి, గొంతు పూర్తిగా పోయింది. అయినా పడుకునే ముందే ఈ థాంక్స్ రాసెయ్యాలి. రేపటికి ఇది వట్టి మర్యాదమాటగా మారిపోతుంది.

జనం నడవడానికి, పిల్లలు ఆడుకోవడానికి మేము బండ్లు ఆపించాం కాబట్టి, ఈ ఉదయం ఆరు నుంచి పది దాకా మా రోడ్డు మీద కార్లు లేవు. ఊతకర్రతో నడిచే ఒక పెద్దాయన నడిరోడ్డు తెల్లగీత మీదే ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చారు. అదంతా చూసి నేను మురిసిపోతున్నప్పుడే, మూడో సందు మొగలో వాలంటీరు రాలేదని తెలిసింది. అప్పటికి ముప్పావు గంట గడిచింది. పిల్లల మధ్యకి ఏ బండి దూసుకొచ్చిందో అని గుండె చేతబట్టుకుని పరుగెత్తాను.

అక్కడ అడ్డుతాడు పట్టుకుని ఒకావిడ నిలబడి ఉన్నారు. ఎవరో నాకు తెలియదు. ఒక ఇంటివాళ్లు డయాలసిస్‌కు వెళ్లాలంటే తాడు దించి, కారుకు ముందు తానే నడుస్తూ, "పక్కకు జరగండమ్మా" అని పిల్లలను తప్పిస్తూ రోడ్డు దాటించారు. బారికేడ్‌కు మేము కట్టి ఉంచిన విజిల్ అలాగే వేలాడుతోంది. ఊదవచ్చు కదండీ అన్నాను. "ఏ ఇంట్లోనైనా రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లు పడుకుని ఉంటారు" అన్నారు. అప్పుడు చూశాను, ఆవిడ మెడలో ఆసుపత్రి గుర్తింపు కార్డు. రాత్రంతా మేలుకుని ఇంటికి వెళుతూ, ఖాళీగా ఉన్న తాడు చూసి ఆగిపోయారట. నేను ఉంటాను, మీరు వెళ్లండి అంటే, పది అయ్యాకే కదిలారు. నాకు మాట రాలేదు. అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చాను. పేరు కూడా అడగలేదు, మన్నించండి.

ఇంట్లోవాళ్లకు థాంక్స్ చెబితే నవ్వుతారు. వాళ్లు చేసింది వాళ్లకు తెలుసు.

అనుమతి కథ మాత్రం చెప్పకుండా ఉండలేను. ఈ కార్యాలయం ఆ సంతకం ముందు తెమ్మంటుంది, ఆ కార్యాలయం ఈ సంతకం. కాగితం చేతికొచ్చింది నిన్న సాయంత్రం. దాని మీద 'రోడ్డు మూసివేత' అని రాశారు! మేము జనానికి తెరిచాం కదా? కొలంబియా రాజధాని బొగోటాలో ఈ పని 1974లో మొదలై, ఇప్పుడు ప్రతి ఆదివారం ఉదయం ఏడు నుంచి రెండు దాకా వంద కిలోమీటర్లకు పైగా సాగుతోంది. ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లో 2013లోనే 'రాహ్‌గిరి' పేరుతో ఇలాంటిదే మొదలైంది. మేము అడిగింది ఒక్క రోడ్డు, నాలుగు గంటలు. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. సరే, ఎక్కడ చేయాలి? పేవ్‌మెంటు మీద బైకులు నిలిపి ఉంటాయి.

అయ్యో, తెల్లవారక ముందే రోడ్డు ఊడ్చిన అక్కలను మరిచాను. వాళ్లు లేకపోతే పిల్లలు ఒట్టి కాళ్లతో ఆడేవాళ్లా? మళ్లించిన దారిలో విసుక్కోకుండా బస్సు నడిపిన డ్రైవర్లు, అందరికీ తమ బాత్‌రూమ్ తెరిచి ఉంచిన మలుపు ఇంటివాళ్లు, సుద్దముక్కలు తెచ్చిన మాస్టారు, అందరికీ దండాలు.

ఇంకొకటి. మూడో సందుకు రాని తమ్ముడూ, జ్వరమని నువ్వు పెట్టిన మెసేజ్ మధ్యాహ్నం చూశాను. అప్పటిదాకా నిన్ను చాలా తిట్టుకున్నాను.