నిప్పుల సుడిగాలి వింత కాదు

సంపాదకులకు నమస్కారం.

కాలిఫోర్నియా కార్చిచ్చులో లేచిన నిప్పుల సుడి వీడియోను మీరు 'వింత దృశ్యం' అని వేశారు. ఇక్కడ శాక్రమెంటోలో ఉంటున్న నాకు ఆ మాట చాలా బాధ కలిగించింది. మాకు ఉత్తరాన, రెండున్నర గంటల డ్రైవ్‌లో ఉన్న రెడ్డింగ్ ఊరి మీదికి 2018 జులై 26 సాయంత్రం అలాంటిదే వచ్చింది. దాని గాలి వేగం గంటకు 230 కిలోమీటర్లు దాటిందని వాతావరణ శాఖ అంచనా. విశాఖను ఊడ్చేసిన హుద్‌హుద్ గాలి 180 చుట్టుపక్కల అని గుర్తు చేసుకుంటే అదెంతో తెలుస్తుంది, పైగా ఇది నిప్పుతో కలిసిన గాలి. హైటెన్షన్ టవర్లు కూలిపోయాయి, చెట్ల బెరడు ఊడిపోయింది. జనాన్ని ఇళ్లలోంచి పంపించే పనిలో ఉన్న ఒక ఫైర్ ఉద్యోగి దాని దారిలో చిక్కుకుని చనిపోయాడు.

ఇందులో మాయ ఏమీ లేదు. ఎండాకాలం మన పొలాల్లో దుమ్ము సుడి లేస్తుంది కదా, అదే పద్ధతి. మంట మీది వేడి గాలి పైకి పోతుంటే చుట్టూ ఉన్న గాలి లోపలికి దూసుకొస్తుంది, అప్పటికే కొంచెం మెలి తిరుగుతున్న గాలి ఆ పొగతో పాటు పైకి సాగి సన్నబడేకొద్దీ ఇంకా వేగంగా తిరుగుతుంది. రెడ్డింగ్‌లో ఆ పొగ దాదాపు 12 కిలోమీటర్ల ఎత్తుకు పోయింది. ఇంత మంటకూ మొదలు, మూడు రోజుల ముందు టైరు పేలిన ఒక ట్రైలర్ చక్రం రోడ్డుకు రాసుకుని లేచిన నిప్పురవ్వలు!

ముందే హెచ్చరించడం కూడా కుదురుతుంది. 2020 ఆగస్టులో కాలిఫోర్నియాలోనే లాయల్టన్ అనే ఊరి దగ్గర మంటలప్పుడు అమెరికా వాతావరణ శాఖ నిప్పుల సుడిగాలి వస్తుందని హెచ్చరిక ఇచ్చింది, అలాంటిది అదే మొదటిసారి.

ఇంత జరిగినా ఇక్కడ మన తెలుగువాళ్లే కొందరు ఖాళీ చేయమని ఫోన్‌కి మెసేజ్ వస్తే బాల్కనీలో నిలబడి వీడియో తీస్తున్నారు. కళ్లారా చూశాను.

అందుకే అడుగుతున్నాను. ఈసారి అలాంటి వీడియో వేస్తే కింద అది ఎందుకు వస్తుందో నాలుగు ముక్కలు రాయండి, కౌంటీ (మన జిల్లా లాంటిది) పంపే అలర్ట్‌లకు ఫోన్ నంబర్ నమోదు చేసుకోమని, పొమ్మన్నప్పుడు వెంటనే బయల్దేరమని కూడా రాయండి. గుంటూరులో మా అమ్మ పొద్దున్నే మీ పేపర్ చదివాకే నాకు ఫోన్ చేస్తుంది. ఆఫీసర్లు చెబితే విననివాళ్లు కూడా అమ్మ ఫోన్ చేసి అడిగితే వింటారు.

ఇట్లు,
శాక్రమెంటో నుంచి ఒక పాఠకురాలు