హెల్మెట్ మీద పేరు వేసుకున్న కంపెనీలు మాట్లాడాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మేము కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉంటాం. మా అబ్బాయి ఐస్ హాకీ ఆడతాడు. 2025 ఫిబ్రవరిలో మాంట్రియల్‌లో అమెరికా, కెనడా జట్ల మ్యాచ్ మొదలైన తొమ్మిది సెకన్లలోనే మూడు కొట్లాటలు జరిగాయి. ఆ వీడియో గుంటూరులో ఉన్న మా అమ్మ ఫోన్‌కి కూడా చేరింది. "వీడు ఆడేది ఈ ఆటేనా?" అని అడిగింది. అవునని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ మ్యాచ్ జరిగిన మాంట్రియల్ స్టేడియం బెల్ సెంటర్‌లోనే 2011 మార్చి 8న జరిగింది ఇక్కడివాళ్లు ఇంకా మర్చిపోలేదు. బోస్టన్ ఆటగాడు జ్డెనో చారా, ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి, మాంట్రియల్ జట్టు కుర్రాడు మ్యాక్స్ పాసియోరెట్టీని పక్క గోడకేసి నెట్టాడు. బెంచీల దగ్గర అద్దాన్ని పట్టి ఉంచే స్తంభానికి తల కొట్టుకుని ఆ కుర్రాడు మంచు మీద కదలకుండా పడిపోయాడు. మెడలో ఎముక చిట్లింది, మెదడుకి గట్టి దెబ్బ తగిలింది. అప్పటికి అతనికి 22 ఏళ్లు. చారాను ఆ మ్యాచ్ నుంచి బయటికి పంపారు, అంతే. తర్వాత ఒక్క మ్యాచ్‌కి కూడా సస్పెన్షన్ లేదు.

అప్పుడు విమాన సంస్థ ఎయిర్ కెనడా, ఈ రెండు జట్లూ ఆడే నేషనల్ హాకీ లీగ్‌కి ఉత్తరం రాసింది. తలకి తగిలే దెబ్బల మీద వెంటనే గట్టి చర్య తీసుకోకపోతే స్పాన్సర్‌షిప్ మానుకుంటామని చెప్పింది. టొరంటోలో అదే లీగ్ జట్టు మేపుల్ లీఫ్స్ ఆడే స్టేడియానికి అప్పట్లో ఆ కంపెనీ పేరే ఉండేది. రైళ్లు నడిపే వయా రైల్ సంస్థ కూడా గొంతు కలిపింది. లీగ్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్ మాత్రం, డబ్బు ఎక్కడ పెట్టుకోవాలో వాళ్ల ఇష్టం, ఏ విమానం ఎక్కాలో మా జట్ల ఇష్టం అన్న ధోరణిలో జవాబిచ్చారు. ఒక కుర్రాడి మెడ విరిగిన వారంలో రావలసిన మాటేనా అది?

ఎయిర్ కెనడా చేసింది ప్రచారం కోసమే అన్నవాళ్లు ఉన్నారు. అయినా నేను దాన్ని మంచి పనే అంటాను. తలకి గురిపెట్టి కొట్టడం మీద ఉన్న నిబంధనను లీగ్ ఆ ఏడాదే ఇంకా విస్తరించింది. ఆ ఒక్క ఉత్తరం వల్లే అని అనను. సిడ్నీ క్రాస్బీ అంతటి ఆటగాడు కూడా అప్పటికి తల దెబ్బతో నెలల తరబడి ఆటకి దూరంగా ఉన్నాడు. కానీ అభిమానులు, డాక్టర్లు ఎంత మొత్తుకున్నా లీగ్‌కి రాని టెన్షన్ స్పాన్సర్ నోరు తెరిస్తే వస్తుంది. అదే ఏడాది మే నెలలో, కొట్లాటల కోసమే పేరు పడ్డ ఆటగాడు డెరెక్ బూగార్డ్ 28 ఏళ్లకే చనిపోయాడు. పదేపదే తగిలిన దెబ్బలతో వచ్చే జబ్బు అతని మెదడులో కనిపించింది.

స్పాన్సర్లు నిజంగా డబ్బు ఆపితే ఏమవుతుందో 2022లో చూశాం. ఆటగాళ్ల మీద వచ్చిన లైంగిక దాడి ఆరోపణను, దేశంలో ఈ ఆటను నడిపే సంస్థ హాకీ కెనడా లోలోపల సర్దుబాటు చేసిన తీరు బయటపడ్డాక స్కోషియాబ్యాంక్, టిమ్ హార్టన్స్, కెనడియన్ టైర్ పక్కకు జరిగాయి. అక్టోబర్‌లో మొత్తం బోర్డే తప్పుకుంది. ఆ కేసులో ఆటగాళ్లు తర్వాత నిర్దోషులుగా విడుదలయ్యారు. నేను అడిగేది వాళ్ల గురించి కాదు, సంస్థ జవాబుదారీ గురించి.

ఇప్పుడు కంపెనీల పేర్లు స్టేడియం గోడల మీదే ఆగలేదు. 2020-21 నుంచి హెల్మెట్ల మీదకి, 2022-23 నుంచి జెర్సీల మీదకి వచ్చాయి. దెబ్బ తగిలే చోటే వాళ్ల పేరు ఉంటోంది. అలాంటప్పుడు ఎవరి మెడో విరిగాక ఉత్తరం రాయడం దేనికి? తలకి కొడితే ఎన్ని మ్యాచ్‌లు సస్పెన్షన్, కొట్లాటకి ఐదు నిమిషాలు బయట కూర్చోబెట్టే శిక్షతో ఎందుకు సరిపెడుతున్నారు, ఇవన్నీ ఒప్పందం మీద సంతకం పెట్టే రోజే అడగాలి.

13 ఏళ్లలోపు పిల్లల ఆటలో ఒంటితో గుద్దడాన్ని హాకీ కెనడా 2013లోనే ఆపేసింది. మా వాడికి ఇప్పుడు 13 వచ్చాయి. ఈ సీజన్ నుంచి వాడి మ్యాచ్‌లలో అది ఉంటుంది. వాడు టీవీలో చూసి నేర్చుకునేది పెద్ద లీగ్‌నే. ఆ లీగ్‌లో ఒక జట్టు జెర్సీ మీద పేరున్న మా బ్యాంకుకి పోయిన వారం నేను ఇదే రాశాను. మీ పత్రిక చదివే కెనడా తెలుగువాళ్లు కూడా తమ బ్యాంకుకి, తాము ఎక్కే విమాన సంస్థకి ఒక ఉత్తరం రాయమని కోరుతున్నాను.

- ఒక తల్లి, బ్రాంప్టన్, కెనడా