మూడేళ్ల పిల్ల చేతికి అప్పుడే బలపం వద్దు: మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

నేను రిటైరైన అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌ను. 26 ఏళ్లు ఊరూరా సెంటర్లు తిరిగాను. లోపల అడుగు పెట్టగానే స్టాక్ రిజిస్టర్ చూసేదాన్ని, గుడ్లు లెక్కపెట్టేదాన్ని, తర్వాత పిల్లల్ని వరసగా నిలబెట్టి "ఏదీ, పలకలు చూపించండి" అనేదాన్ని. పలకల నిండా అక్షరాలుంటే ఆ సెంటర్ బాగా నడుస్తున్నట్టు రాసుకునేదాన్ని. లేకపోతే టీచర్‌ను మందలించేదాన్ని.

ఒకరోజు ఒక మూడున్నరేళ్ల పిల్ల, నేను పలక అనగానే ఆయమ్మ చీర కుచ్చిళ్లలో మొహం దాచుకుంది. పలక మీద 'అ' తొమ్మిదిసార్లు ఉంది. మొదటి రెండూ టీచర్ చేయి పట్టి రాయించినవని తెలుస్తూనే ఉంది. ఇంకోసారి రాయమంటే బలపం ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ల చివర్లు తెల్లబడ్డాయి. నేను గుమ్మంలోకి వచ్చేదాకా అదే పిల్ల ఓ మూల ఇంకో పిల్లతో కలిసి కొబ్బరి చిప్పల్లో ఇసుక పోసి అన్నం వండుతోంది. "నువ్వు అత్తవి, నేను కోడల్ని. కూరలో ఉప్పెక్కువైంది, నీళ్లు పొయ్యి" అని గలగలా మాట్లాడుతోంది. సూపర్‌వైజర్ వచ్చిందని టీచర్ ఆ ఆట ఆపించింది. ఆ రోజు ఆ గదిలో జరుగుతున్న అసలు చదువును ఆపించింది నేనేనని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను. ఐదేళ్లు నిండని పిల్లల చేత అక్షరాలు రాయించడం ఆపించండి. పొద్దుటి పూట రెండు గంటలు టీచర్‌ను పూర్తిగా పిల్లలకే వదిలేయండి. నేను అడిగేవి ఈ రెండే.

ముందు చేతి సంగతి చెబుతాను. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ల పిల్లకు వాటిలో రెండు మూడు మాత్రమే ఎముకగా గట్టిపడి ఉంటాయి. మిగతావి ఇంకా మెత్తటి మృదులాస్థే. ఏడాదికి ఒకటి చొప్పున అన్నట్టు నెమ్మదిగా గట్టిపడుతూ వస్తాయి. ఆ చేతికి కావలసింది పిండి పిసకడం, పూసలు గుచ్చడం, చిక్కుళ్లు వలవడం, ఇసుకలో వేలితో గీతలు గీయడం. ఇవన్నీ చేసిన చేయి ఐదు, ఆరేళ్లకు బలపాన్ని దానంతట అదే సరిగ్గా పట్టుకుంటుంది. తొందరపెట్టి రాయిస్తే పిల్ల అక్షరం కంటే ముందు నేర్చుకునేది భయం.

ఇక తల సంగతి. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త పియాజె చేసిన పరీక్షల్లో ఒకటి నేను చాలా సెంటర్లలో చింతపిక్కలతో చేసి చూశాను. ఏడు పిక్కలు ఒక వరస, వాటికి ఎదురుగా ఏడు పిక్కలు ఇంకో వరస పేర్చి "రెండూ సమానమేనా?" అంటే నాలుగేళ్ల పిల్లవాడు సమానమే అంటాడు. తర్వాత వాడి కళ్ల ముందే ఒక వరసలో పిక్కల్ని ఎడంగా జరిపి మళ్లీ అడిగితే, పొడుగ్గా ఉన్న వరసను చూపించి "ఇక్కడ ఎక్కువున్నాయి" అంటాడు. అదే పిల్లవాడు ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెబుతాడు! వంద దాకా అంకెలు వచ్చిన పిల్లవాడికి ఏడు అంటే ఏమిటో ఇంకా తెలియదు. తెలివి తక్కువై కాదు, ఆ వయసులో కంటికి కనిపించేదే వాడికి నిజం. పిక్కల్ని పదే పదే కుప్ప పోసి, పంచి, దాచి, మళ్లీ లెక్కపెట్టుకుంటూ ఆడితే ఆరేడేళ్లకు ఆ గుట్టు వాడే విప్పుకుంటాడు.

పియాజె చెప్పినదంతా అలాగే నిలబడలేదని కూడా చెప్పాలి. ఎడిన్‌బరోలో మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనే మనస్తత్వవేత్త, ఆమె సహచరుడు 1970లలో ఇదే పరీక్షను కొంచెం మార్చారు. పిక్కల్లాంటి వాటిని పెద్దవాళ్లు జరపకుండా, ఒక అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి చెల్లాచెదురు చేసినట్టు ఆడించారు. అప్పుడు చాలా ఎక్కువమంది పిల్లలు సరిగ్గా సమాధానం చెప్పారు. పెద్దమనిషి గంభీరంగా రెండోసారి అడిగేసరికి "నా మొదటి జవాబు తప్పేమో" అనుకుని పిల్లలు మాట మార్చుతున్నారన్నమాట. నన్ను చూసి మొహం దాచుకున్న ఆ పిల్లకు ఏం వచ్చో ఏం రాదో నేను ఎప్పటికీ తెలుసుకోలేకపోయాను. ఎందుకంటే నేను అడిగిన తీరే అలాంటిది.

ఈ పేర్లు మన రాష్ట్రానికి కొత్తవి కావు. టెట్‌కు, డీఎస్సీకి చదివే ఏ పిల్లను లేపి అడిగినా పియాజె చెప్పిన పూర్వప్రచాలక దశ (కంటికి కనిపించేదే నిజమనుకునే ఆ వయసు) ఎన్నేళ్ల నుంచి ఎన్నేళ్లో, సామీప్య వికాస మండలం ఎవరు చెప్పారో ఠక్కున చెబుతుంది. కోచింగ్ సెంటర్లలో వాటిని బిట్లుగా బట్టీ పట్టిస్తారు. పరీక్ష అయిపోగానే ఆ పుస్తకం అటక ఎక్కుతుంది. నాకు ఇందులో బాధ కలిగించే విషయం ఒకటుంది. పిల్లలకు బట్టీ పట్టించొద్దని చెప్పిన పియాజెనే మనం బట్టీ పట్టాం.

సామీప్య వికాస మండలం అనగానే ఏదో పెద్ద మాటలా వినిపిస్తుంది కానీ రష్యా మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ చెప్పింది ప్రతి అమ్మమ్మకూ తెలిసిన సంగతే. పిల్ల తనంతట తాను చేయగలిగింది ఒకటుంటుంది, పక్కన ఒక పెద్దమనిషి కాస్త సాయం పడితే చేయగలిగింది ఇంకొకటుంటుంది. ఆ రెంటి మధ్య ఉన్న చోటే చదువు జరుగుతుంది. ఆ రోజు ఉప్పెక్కువైన కూర దగ్గర టీచర్ కూర్చుని "అయ్యో, మరి ఎన్ని చెంబుల నీళ్లు పోద్దాం? మీ అత్తకు ఎన్ని గరిటెలు వడ్డిస్తావు? నాకెన్ని?" అని ఉంటే లెక్క వచ్చేది, మాట వచ్చేది, పంచుకోవడం వచ్చేది. పెద్ద ఖర్చు కూడా లేదు. టీచర్ ఆ పిల్ల పక్కన కింద కూర్చోవాలి, అంతే. కానీ ఆమెకు కూర్చునే తీరిక ఎక్కడుంది?

తీరిక గురించి మాట్లాడే ముందు జమైకాలో జరిగిన ఒక పని గురించి చెప్పాలి. 1986-87లో కింగ్‌స్టన్ నగరంలోని పేదవాడల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగని 129 మంది పిల్లల్ని ఎంచుకున్నారు. అందరూ తొమ్మిది నెలల నుంచి రెండేళ్ల లోపు వాళ్లు. కొందరికి వారం వారం పాలపొడి ఇచ్చారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట వెళ్లి, ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో తల్లి చేత పిల్లను ఆడించారు. కొందరికి రెండూ అందాయి, కొందరికి ఏవీ అందలేదు. రెండేళ్లే నడిపారు. 20 ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని చూస్తే, చిన్నప్పుడు ఆ ఆటపాటలు అందిన పిల్లలు, అవి అందని వాళ్లకంటే దాదాపు 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. పాలపొడి మాత్రమే అందిన వాళ్లలో అలాంటి తేడా కనిపించలేదు.

పౌష్టికాహారం అక్కర్లేదని ఎవరూ దీన్ని చదవకూడదు. ఆకలితో ఉన్న పిల్ల ఆడలేదు. గుడ్డూ, పాలూ, బాలామృతం కోసం ఈ శాఖ పడిన కష్టం నేను దగ్గరుండి చూశాను. కానీ 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పుడు ప్రీస్కూల్ కూడా అందులో ఒక సేవే. ఈ 50 ఏళ్లలో గుడ్డుకు లెక్క ఉంది, బరువుకు లెక్క ఉంది, ఎత్తుకు లెక్క ఉంది. టీచర్ ఇవాళ పిల్లలతో ఎంతసేపు మాట్లాడింది అన్నదానికి మాత్రం లెక్క లేదు. లెక్క లేని పనే అన్నిటికంటే ముందు పక్కకు పోతుంది.

ఒక టీచర్ పొద్దుటి పూట ఎలా గడుస్తుందో చూడండి. పిల్లలు వచ్చేసరికి పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో హాజరు వేయాలి. సిగ్నల్ ఉండదు, ఫోన్ పట్టుకుని అరుగు మీదికి, అక్కడి నుంచి రోడ్డు మీదికి వెళ్తుంది. ఈలోపు టేక్ హోమ్ రేషన్ కోసం గర్భిణి వస్తుంది, ముఖం ఫోటో తీయాలి, యాప్ ఒప్పుకోదు, మళ్లీ తీయాలి. సరుకుల బండి వస్తుంది. బీఎల్ఓ (పోలింగ్ బూత్ స్థాయి ఎన్నికల అధికారి) డ్యూటీ ఉంటే ఓటరు జాబితా గురించి ఫోను. మధ్యాహ్నం రిపోర్టు పంపాలని గ్రూపులో మెసేజ్. ఆయమ్మ వంటగదిలో ఉంటుంది. మరి పాతిక మంది పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టాలంటే ఆ టీచర్‌కు ఉన్న ఒకే ఒక్క దారి పలక! "దిద్దుకోండి" అంటే అరగంట గది నిశ్శబ్దంగా ఉంటుంది. అందుకే అంటున్నాను, నా రెండు విన్నపాలూ నిజానికి ఒకటే. టీచర్ సమయం తిరిగి ఇవ్వకుండా పలక తీసేయమంటే ఆ ఉత్తర్వు గోడకు అంటించిన కాగితంగానే మిగిలిపోతుంది.

ఇంకో వైపు తల్లిదండ్రుల ఒత్తిడి ఉంది. పక్క వీధి కాన్వెంట్‌లో ఎల్‌కేజీ పిల్ల నాలుగు గీతల పుస్తకంలో ఏబీసీడీలు రాసి, హోంవర్క్ తెచ్చుకుంటుంది. మన సెంటర్ పిల్ల చేతులకు మట్టితో ఇంటికొస్తుంది. "అక్కడ ఆడిస్తారండీ, చదువు చెప్పరు" అని తల్లులు నాతో ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. కూలి డబ్బుల్లోంచి ఫీజు కట్టి కాన్వెంట్‌కు మార్చేస్తారు. వాళ్లను తప్పు పట్టను, పిల్ల బాగుండాలనే కదా వాళ్ల టెన్షన్. కానీ వాళ్లకు మనం ఎవరైనా విడమరిచి చెప్పామా? మన పెద్దలు ఐదో ఏట అక్షరాభ్యాసం చేయించేవారు. దాన్ని మూడో ఏటికీ, రెండున్నరకూ జరుపుకుంటూ వచ్చింది మన కాలమే. నేను తల్లుల మీటింగుల్లో ఈ మాట చెబితే పియాజె పేరు చెప్పినప్పటి కంటే ఎక్కువ విన్నారు. చిన్నపిల్లల చదువు గురించి సెంటర్‌లో తల్లిదండ్రులను పిలిచి జరిపే ఈసీసీఈ డే రోజున వాళ్ల పిల్లల చేతనే చింతపిక్కల ఆట ఆడించి చూపిస్తే ఇంకా బాగా విన్నారు.

సెంటర్‌కు మొదటిసారి వచ్చే పిల్లల గురించి కూడా ఒక మాట. అమ్మ చేయి వదిలేటప్పుడు ఏడ్చే పిల్లను "అలవాటైపోతుంది" అని లాక్కుని తలుపు వేయడం చాలాచోట్ల చూశాను. బ్రిటన్‌కు చెందిన మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదికలో, బిడ్డకు ఆహారంతో పాటు నమ్మకమైన, నిలకడగా ఉండే ఒక మనిషి కావాలని చెప్పాడు. మొదటి వారం తల్లినో నాయనమ్మనో కాసేపు సెంటర్‌లోనే కూర్చోనిస్తే చాలు. ఆయమ్మ ఒళ్లోకి పిల్ల తనంతట తానే చేరుతుంది. ఆయమ్మలను మనం వంటమనుషులుగానే చూస్తాం, వాళ్లకు ఇచ్చే శిక్షణ చాలా తక్కువ. చాలా సెంటర్లలో పిల్ల మొదట నమ్మేది వాళ్లనే.

ఏజెన్సీ సెంటర్లలో ఇంకో చిక్కుంది. ఇంట్లో సవర, కువి, కోయ మాట్లాడే పిల్లకు సెంటర్‌లో తెలుగు వినిపిస్తుంది. మాటే అర్థం కాని చోట పిల్ల మూగదవుతుంది, మనం "మందకొడి" అని రాసుకుంటాం. ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు చెప్పే పని మొదలైంది. ఆ అనుభవం మన దగ్గరే ఉంది. దాన్ని మూడేళ్ల పిల్లల దాకా తీసుకురండి.

అసలు అంగన్‌వాడీలోని 'అంగన్' అంటేనే ముంగిలి. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం అనే చిన్నపిల్లల బడి పెట్టాడు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్, తర్వాత మహారాష్ట్రలో ఆదివాసీ పిల్లలు బడికి రావడం లేదని బడినే వాళ్ల ముంగిళ్లలోకి తీసుకెళ్లింది. పశువులు కాసే పిల్లల కోసం పచ్చిక బయలుకే బడిని తీసుకెళ్లింది. ఆమె చేతిలో అప్పుడున్నవి గులకరాళ్లు, ఆకులు, గింజలే.

మంత్రి గారూ, మీరు కొత్త పాలసీ ఏదీ రాయనవసరం లేదు. 2020 జాతీయ విద్యా విధానం ఆటల చదువే కావాలంది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలే ఉండకూడదంది. 2024లో కేంద్రం అంగన్‌వాడీ పిల్లల కోసం ఇచ్చిన పాఠ్యప్రణాళిక 'ఆధార్‌శిల' కూడా ఆటల మీదే నడుస్తుంది. కాగితం మీద అంతా ఉంది. మన 55,607 సెంటర్లలో పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా టీచర్ ఫోన్ ముట్టుకోనక్కర్లేదని, ఆ రెండు గంటల్లో ఏ అధికారీ రిపోర్టు అడగకూడదని, మీటింగు పెట్టకూడదని, రేషన్ పంపిణీ మధ్యాహ్నం తర్వాతే జరగాలని మీ సంతకంతో ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. యాప్‌లో ఎంట్రీలు సాయంత్రం వేసినా చెల్లేలా చూడమని కేంద్రానికి రాయండి. ప్రైవేటు ఎల్‌కేజీలకు కూడా ఐదేళ్ల లోపు రాత హోంవర్క్ ఉండకూడదని విద్యాశాఖ మంత్రి గారితో కలిసి చెప్పండి. మన సెంటర్‌లో ఒక నియమం, పక్క వీధి కాన్వెంట్‌లో ఇంకో నియమం ఉంటే తల్లులు మన మాట నమ్మరు.

నాలాంటి సూపర్‌వైజర్లకు కూడా ఒక మాట చెప్పించండి. సెంటర్‌కు వెళ్లినప్పుడు పలక అడగొద్దని. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చప్పుడు చేయకుండా ఓ పావుగంట చాప మీద కూర్చోమని. పిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారో విని, ఆ మాటల్ని రిజిస్టర్‌లో రాయమని. ఆ రోజు నేను ఆ పని చేసి ఉంటే, ఉప్పెక్కువైన కూర చివరికి ఏమైందో నాకు తెలిసేది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ సూపర్‌వైజర్