శ్రీశైలం నడిచిపోయేవారికి రోడ్డు మీద చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఉగాది దగ్గరపడుతోంది. కర్ణాటక నుంచి మల్లన్న భక్తులు ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా కర్నూలుకు వచ్చి, నందికొట్కూరు, ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర నల్లమల దారి పడతారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడబిడ్డగా తలచి అంత దూరం నడిచొచ్చే వీళ్లకు మన దగ్గర అన్నానికి, మజ్జిగకు ఏ లోటూ ఉండదు. దారి పొడవునా ఊళ్లవాళ్లే శిబిరాలు పెడతారు. నాగలూటి, పెచ్చెరువు అడవిలో ఎలా నడవాలో కూడా జాగ్రత్తలు చెప్పి పంపుతారు. అడవికి ముందు వచ్చే తారు రోడ్డు గురించి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. నా ఆందోళనంతా దాని గురించే.

పగలు ఎండకు తాళలేక చాలామంది చీకటి పడ్డాకే నడక మొదలుపెడతారు. మా శిబిరం దగ్గర ఏటా చూస్తున్నాను. భుజాన నల్ల కంబళి, నెత్తిన మూట, రోడ్డుకు ఎడమ పక్క ముగ్గురు నలుగురు వరుసగా, వెనక నుంచి వచ్చే బండికి వీపు చూపిస్తూ పోతుంటారు. ఎదురుగా వచ్చే లారీ లైట్లు కళ్లలో పడితే డ్రైవర్‌కు ఈ గుంపు దగ్గరికొచ్చే దాకా ఆనదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ఆ దూరం అయిపోతుంది.

ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడి పక్కన, వచ్చే బండ్లకు ఎదురుగా నడవాలి. అప్పుడు బండి తన మీదికి వస్తుంటే మనిషికే ముందు కనిపిస్తుంది, పక్కకు దిగే వీలుంటుంది. ఎడమ పక్క పోవాల్సింది సైకిళ్లు, బండ్లు. ఇంత చిన్న సంగతి కూడా చాలామందికి తెలియదు, ఎందుకంటే మన రోడ్డు భద్రతా సదస్సులు హెల్మెట్‌తో మొదలై సీటు బెల్టుతో ముగుస్తాయి. అవి అవసరమే, కాదనను. కానీ దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరు. వాళ్లతో మాట్లాడేదెవరు?

ఈ దారిన వచ్చేవాళ్లలో ఎక్కువమంది చదివేది కన్నడం. మన హెచ్చరిక బోర్డులేమో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. "కుడి పక్క నడవండి, ఒకరి వెనక ఒకరు పోండి" అని కన్నడంలో రాసిన ఫ్లెక్సీ ప్రతి శిబిరం దగ్గరా కడితే ఖర్చెంత? మైకులో ఎలాగూ పాటలు పెడతాం, మధ్యలో ఈ మాట కన్నడంలో చెప్పిస్తే సరిపోతుంది. మూటకూ చేతికర్రకూ అంటించడానికి తలా జానెడు రిఫ్లెక్టర్ టేపు ఇవ్వాలని శిబిరాలవాళ్లందరినీ కోరుతున్నాను. భోజనానికి పెట్టే ఖర్చులో అది ఒక మూలకు కూడా రాదు.

తెల్లవారుజామున పాల క్యాన్లతో, కూరగాయల గంపలతో సైకిల్ మీద వచ్చేవాళ్లదీ ఇదే కష్టం. సైకిల్‌కు వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉంటుంది, దాని మీదికి గోనెసంచి వేలాడుతుంది. ఇక ఉన్నా లేనట్టే. టేపు సైకిల్‌కు కాదు, క్యాన్‌కూ గంపకూ అంటించాలి.

అయితే జాగ్రత్తంతా నడిచేవాళ్ల మీదే నెట్టడం అన్యాయం. రోడ్డు అంచున నడుద్దామంటే కంప చెట్లు మీదికి వాలి ఉంటాయి. కొన్నిచోట్ల తారు అంచు నుంచి మట్టిలోకి జానెడు పల్లం. ఉన్న కాస్త చోటులో మొక్కజొన్నలు, జొన్నలు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు, గింజలు ఎత్తుకున్నాక రాళ్లు అక్కడే వదిలేస్తారు. రైతుకు కల్లం లేక రోడ్డెక్కుతున్నాడు, ఆ బాధ నాకు తెలుసు. ఆ రాళ్లనైనా తీసేయమని చేతులెత్తి అడుగుతున్నాను. రాత్రిపూట ఇండికేటర్ కూడా వేయకుండా రోడ్డు పక్కన ఆపే లారీల విషయంలో మాత్రం పోలీసులు గట్టిగానే ఉండాలి.

ఈ దారి కొంత కర్నూలు జిల్లాలో, మిగతాది నంద్యాల జిల్లాలో ఉంది. రెండు జిల్లాల అధికారులూ ఉగాదికి ముందే ఒకసారి కూర్చుని, కంప కొట్టించడం, అంచులకు గ్రావెల్ పోయించడం, ఆ పది రోజులు రాత్రి వేగం తగ్గించడం ఎవరి బాధ్యతో తేల్చాలి. పాదచారుల కోసం ఆరు నెలల్లోగా నిబంధనలు చేయాలని 2025 అక్టోబరు 7న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ నిబంధనల్లో ఊళ్ల ఫుట్‌పాత్‌లతో పాటు పాదయాత్ర దారులకూ చోటుండాలి.

ప్రమాదం జరిగితే ముందుకొచ్చి సాయం చేయడానికి జనం ఇప్పటికీ జంకుతున్నారు, కేసులో ఇరుక్కుంటామని. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షన్ అలా సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. గుద్దిన బండి ఆగకుండా పోయినా, చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేల రూపాయలు పరిహారం ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. పరరాష్ట్రం నుంచి వచ్చిన కుటుంబాలకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? మీ జిల్లా ఎడిషన్‌లో ఉగాదికి ముందు వారం రోజులు ఈ వివరాలు ఒక బాక్సులో, వీలైతే కన్నడంలో కూడా, వేయాలని మనవి. వాటిని కత్తిరించి శిబిరాల దగ్గర అంటించే పని మేం చేస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నందికొట్కూరు రోడ్డు, కర్నూలు