పశువైద్యశాలల యజమానులకు: ఆదివారం న్యాయ సలహా

అందరికీ నమస్కారం.

ఆదివారం ఉదయం 10 గంటలకు న్యాయవాది గారు మన వీడియో కాల్‌లో ఉంటారు. రెండో శాఖ తెరవబోతున్నవారు, భాగస్వామిని చేర్చుకుంటున్నవారు తప్పక రండి.

మీ ప్రశ్నలు శుక్రవారం లోపు నాకు విడిగా పంపండి.

అద్దె ఒప్పందం, భాగస్వామ్య పత్రం దగ్గర పెట్టుకోండి. ఎక్స్‌రే గదికి కిరణాలు బయటకు రాకుండా మీ ఖర్చుతో వేయించిన సీసపు రేకులు ఖాళీ చేసేటప్పుడు ఎవరికి చెందుతాయో అద్దె పత్రంలో ఉందా, ముందే చూడండి. భాగస్వామి తప్పుకుంటే వాటా విలువ ఎలా కడతారన్నది దయచేసి నోటిమాటగా వదిలేయకండి. ఏళ్ల స్నేహాలు చెడేది అక్కడే.

శస్త్రచికిత్స సమ్మతి పత్రం, కెటమిన్ (మత్తుమందు) రిజిస్టరులో ఒక పేజీ కూడా చూపించవచ్చు. జంతువుల యజమానుల పేర్లు, ఫోను నంబర్లు కొట్టేయండి. ఈ పత్రాలు గ్రూపులో మాత్రం పెట్టవద్దు.

వచ్చేవారు కింద పేరు రాయండి. శనివారం సాయంత్రం మళ్లీ గుర్తుచేస్తాను.